ఉద్దానం కొబ్బరికాయలతో గుణదల కొండకు

విజయవాడ గుణదల మేరీమాత తిరునాళ్లు చూసుకుని ఊరు చేరాము. కాళ్ల నొప్పులు ఇంకా తగ్గలేదు. అయినా మనసులోని వెలుగు చల్లారకముందే రాయాలనిపించింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మా తోటలో కొబ్బరి చెట్లన్నీ నేలకొరిగాయి. ఆ తరువాత నాన్న నాటిన మొక్కలు కాపుకు వస్తే తొలికాయలు గుణదల మాతకే అని అమ్మ మొక్కుకుంది. తమ్ముడికి మూత్రపిండాల జబ్బు బయటపడినప్పుడు ఆ మొక్కుకు మరో మొక్కు కలిసింది. ఆ జబ్బు గురించి ఉద్దానం వారికి నేను వివరించనక్కరలేదు. క్రియాటినిన్ అనే మాట, అంటే మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె, మా దగ్గర బడి ముఖం చూడని ముసలమ్మకు కూడా తెలుసు. నీరని, మట్టని, ఎండలో పని అని, నొప్పి మాత్రలని ఎందరో వచ్చి పరిశోధించారు గాని, ఇదీ కారణమని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. హిరమండలం నుంచి వంశధార నీరు గొట్టాల్లో వచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. వాటికీ నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

ఈ మధ్య తమ్ముడి అంకె పెరగడం ఆగింది. తగ్గలేదు, ఆగింది. డిగ్రీలో రసాయన శాస్త్రం చదివిన వాడు, "మందులు వేసుకుంటున్నాను, ఉప్పు మానేశాను, అందుకే ఆగింది. ఇందులో మాత చేసిందేముందప్పా?" అన్నాడు. ఆ ప్రశ్న నాలోనూ ఉంది. మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో కొడుకును ప్రభువు దగ్గరకు తెచ్చిన తండ్రి, నమ్ముతున్నానని చెబుతూనే తన అపనమ్మకాన్ని కూడా ఆయన ముందే ఒప్పుకుని సహాయం అడిగాడు. సందేహమంతా తీరాక రమ్మని ప్రభువు అతణ్ణి తిప్పి పంపలేదు. ఆ ధైర్యంతోనే నేను బయలుదేరాను. తమ్ముడు మాత్రం అమ్మ మాట కాదనలేక వచ్చాడు.

రైలు ప్రయాణం సంగతి చెప్పుకోవడానికేమీ లేదు, అందరూ పడేదే మేమూ పడ్డాము. కొండ దగ్గరికి చేరేసరికి ఫిబ్రవరి 11 తెల్లవారింది. 1858లో ఫ్రాన్సులోని లూర్దు గుహలో బెర్నదెత్త అనే బాలికకు మాత మొదట కనిపించిన తేదీ అదే కనుక జనమంతా ఆ రోజే కావాలనుకుంటారు. కొట్టిన కాయల నీళ్లు, కరిగిన కొవ్వొత్తుల మైనం కలిసి నేలంతా జారుడుగా ఉంది. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చదువుతూనే ఉన్నారు. ఆ తోపులాటలో చేతులెత్తి సెల్ఫీలు తీసుకునేవారిని చూస్తే, పాపమని తెలిసినా, నాకు కోపం ఆగలేదు.

వరుసలో తమ్ముడికి కళ్లు తిరిగాయి. ఎండలో దాహమేసినా వాడు కొలత ప్రకారమే నీళ్లు తాగాలి. ఏలూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన వరుస వదులుకుని వచ్చి, వాణ్ణి గోడ నీడన కూర్చోబెట్టి, తన కండువా తడిపి మెడకు చుట్టాడు. వాడు తేరుకున్నాక కాయల బస్తా తన భుజానికెత్తుకుని మాతోపాటు వరుస చివర నుంచి మళ్లీ నడిచాడు. దారిలో మా సంగతంతా విని, ఏ కల్మషమూ లేకుండా, "జబ్బింకా పోలేదు కదమ్మా, మరి మొక్కు తీర్చేస్తున్నారేంటి?" అని అడిగాడు.

తమ్ముడు నా వైపు చూశాడు. ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేని జబ్బు ఎందుకు ఆగిందో రుజువు తెమ్మంటే నేను తేలేను. రుజువు దొరికేదాకా కృతజ్ఞత దాచుకుంటే అది ఎప్పటికీ చెల్లించలేను. నేనాయనతో అన్నది మాత్రం ఇంతే: "డయాలసిస్ లేకుండా గడిచిన రోజులకు, బాబాయి గారూ. మిగతావి మళ్లీ అడుగుతాము." ఆయన తల ఊపి బస్తా భుజం మార్చుకున్నాడు.

1924లో ఫాదర్ అర్లాటి మాత విగ్రహాన్ని ప్రతిష్ఠించిన నాటి నుంచి ఎన్ని లక్షల మంది ఆ గుహ ముందు నిలబడ్డారో! మాకు దక్కింది రెండు క్షణాలు. నీలి నడికట్టు, జోడించిన చేతులు కనిపించాయి. ముఖం చూసేలోపే వెనుకవాళ్లు నెట్టేశారు. అనుకున్న ప్రార్థన ఒక్కటీ నోట రాలేదు, "అమ్మా, వచ్చాము" అన్నాను. తలనీలాలిచ్చిన తమ్ముడు ఆ పక్కనే మోకరించాడు. ఏమి అడిగాడో నేను అడగలేదు. సిలువ మార్గం మాత్రం వాణ్ణి ఎక్కనివ్వలేదు. వాడి బదులు అమ్మ ఎక్కింది.

మా వైపు నుంచి వెళ్లాలనుకునేవారు, రోగులు వెంట ఉంటే, తొమ్మిదో తేదీనే వెళ్లండి. కాయలు రెండు మూడు చాలు, బస్తా వద్దు. వచ్చే నెల పలాసలో వాడికి మళ్లీ రక్తపరీక్ష ఉంది. ఆ కాగితం రాకముందే అమ్మ వచ్చే ఏడాది పదకొండో తేదీకి మొక్కేసింది, అదీ బస్తాతోనే.