ఏడో అంకం మా ఊళ్లోనే

ఆదివారం. రాత్రి పదకొండు దాటింది.

ఇడ్లీకి పప్పు రుబ్బి, గట్టు తుడిచి, ఇప్పుడే కూర్చున్నాను. ఇంట్లో అందరూ పడుకున్నారు. వీధి చివర ఎవరో బండి స్టార్ట్ చేయలేక కొడుతున్న కిక్కుల చప్పుడు తప్ప ఏమీ లేదు. నిద్ర రావడం లేదు. పొద్దుట్నుంచీ కన్యాశుల్కం నాటకంలోని బాలవితంతువు బుచ్చమ్మ మనసులోంచి కదలడం లేదు.

పొద్దున తొమ్మిదికి కాంటాక్ట్ క్లాసు. వారమంతా రొయ్యల కంపెనీలో బిల్లులు, కంటెయినర్ల లెక్కలు చూసుకునే నాకు దూరవిద్యలో ఎమ్మే తెలుగు ఎందుకని ఇంట్లో మొదట్లో అడిగారు. ఇప్పుడు అడగడం మానేశారు. ఆదివారం ఆ మూడు గంటలూ నావి. సిరిపురం దగ్గర బస్సు దిగి, గురజాడ కళాక్షేత్రం ముందు నుంచి నడుస్తుంటే ఇవాళ ఆ బోర్డు మీది పేరును కాసేపు నిలబడి చదివాను. ఎన్ని వందల సార్లు ఆ దారిన వెళ్లి ఉంటాను! ఇవాళ మా పాఠం ఆయనదే. కన్యాశుల్కం.

మాస్టారు రాగానే బోర్డు మీద అసైన్‌మెంట్ ప్రశ్న రాసేశారు. 'కన్యాశుల్కం నాటకంలో నిర్మాణం, నీతి, రాజకీయం – చర్చించండి.' వచ్చే ఆదివారానికి ఇవ్వాలి. "మూడింటికీ మూడు పేరాలు రాసుకొస్తే మార్కులు పడతాయి. నాటకం మాత్రం చేతికి చిక్కదు," అన్నారు. ఆ మాట పట్టుకునే ఇంతసేపూ ఆలోచిస్తున్నాను.

తర్వాత ఆయన మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలోంచి కొన్ని అంకెలు చదివారు. నాటకాన్ని విజయనగరంలో 1892లో ఆడారు. పుస్తకంగా వచ్చింది 1897లో. దానికి పదేళ్ల కిందటే విజయనగరం మహారాజా వారు అప్పటి విశాఖపట్నం జిల్లాలో, అంటే విజయనగరం కూడా కలిసి ఉన్న జిల్లాలో, బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా వేయించారట. మూడేళ్లలో లెక్కకు వచ్చినవి 1,034. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. చంకలో ఉండే ఆ పసిపిల్లలకు పలికిన ధర 350 నుంచి 400 రూపాయలు.

నేను రోజంతా అంకెలతోనే ఉంటాను. ఏ సరుకు ఎన్ని కిలోలు, కిలో ఎంత, ఏ కౌంటు రొయ్యకు ఏ రేటు. వయసును బట్టి ధర రాసిన ఆ వరస వినగానే నా బిల్లు పుస్తకం కళ్ల ముందుకు వచ్చింది. కడుపులో తిప్పింది. క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు మాత్రం వినిపించింది.

ఆ తర్వాత చర్చ మొదలైంది. ఒక కుర్రాడు బుచ్చమ్మను లేపుకుపోయే మాటకారి గిరీశమే హీరో అన్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు. అతని మాటలు జనం నోళ్లలో ఉన్నాయి కాబట్టి. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. మాట చాతుర్యం ఉన్నవాడు మనల్ని నవ్విస్తూనే ఒక పిల్ల జీవితాన్ని లేపుకుపోతుంటే, మనం నవ్వుతూ చూస్తున్నాం. ఆ నవ్వులో మనల్ని కూడా భాగం చేయడం గురజాడ చేసిన పెద్ద పని అని నాకు అనిపిస్తుంది.

రాజకీయం దగ్గరికి వచ్చేసరికి స్టీల్ ప్లాంట్‌లో రిటైరై మాతో పాటు చదువుతున్న పెద్దాయన ఒకరు చేయెత్తారు. ఆయన ఎంచుకున్నది బండివాడి ముచ్చట. గిరీశం బండివాడికి రెండు గంటల పాటు నేషనల్ కాంగ్రెస్ మీద లెక్చరిచ్చాడట. అంతా విని బండివాడు అడిగింది ఒక్కటే. మా ఊరి హెడ్ కానిస్టేబుల్ని ఎప్పుడు బదిలీ చేస్తారు అని. "గిరీశం దాన్ని వాడి తెలివితక్కువ కింద చెప్పుకుంటాడమ్మా. నేను ముప్ఫయ్యేళ్లు యూనియన్ మీటింగులకి వెళ్లాను. మీటింగులో అడగాల్సిన అసలు ప్రశ్న అదే. పైన ఎవరు ఏలుతున్నారన్నది తర్వాత. నా వీధిలో నన్ను పీడించేవాడు కదులుతాడా లేదా అన్నది ముందు," అన్నారాయన. ఆ మాట నా నోటుబుక్కులో రెండు సార్లు గీత గీసి రాసుకున్నాను. కాంగ్రెస్ పుట్టిన కొద్ది ఏళ్లకే రాసిన నాటకంలో ఆ ప్రశ్న ఉంది. లెక్చరు పూర్తి పాఠం నాటకంలో లేదు, బండివాడి ప్రశ్న ఒక్కటే నిలిచింది. ఏది ఉంచాలో ఏది వదలాలో ఎంచుకోవడంలోనే గురజాడ పక్షం తెలిసిపోతోంది.

క్లాసయ్యాక ఎండ పేలిపోతోంది. పూర్ణా మార్కెట్లో సామాను కొనాల్సి ఉంది కాబట్టి కోర్టు దారిన నడిచాను. ఆదివారం కదా, గేటు మూసి ఉంది. బయట టైపిస్టుల బల్లలు, స్టాంపులమ్మే వాళ్ల బల్లలు పట్టాలు కప్పి తాళ్లతో కట్టేసి ఉన్నాయి. నల్లకోటు మనిషి ఒక్కడూ లేడు. చెట్టు నీడన ఒక ముసలాయన మాత్రం ప్లాస్టిక్ సంచిలో కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. రేపటి వాయిదాకి ఇవాళే వచ్చినట్టున్నాడు. నాటకంలో బుచ్చమ్మ తండ్రి అగ్నిహోత్రావధాన్లు గుర్తొచ్చాడు. ఆయనా ఇలాగే కాగితాల కట్టలతో మా ఊరు వస్తాడు. దావాల పిచ్చి. పెద్ద కూతురు బుచ్చమ్మను డబ్బుకి ఇచ్చాడు, ఆ పిల్ల పసితనంలోనే భర్త పోయాడు, ఇప్పుడు ఆమె మొగుడి భూముల కోసం దావా. చిన్నది సుబ్బిని లుబ్ధావధాన్లనే ముసలివాడికి 1,800 రూపాయలకు కుదిర్చాడు. తల్లి వెంకమ్మ నూతిలో దూకింది.

నాటకం విజయనగరం బొంకులదిబ్బ దగ్గర మొదలవుతుంది. అగ్రహారాల మీదుగా తిరిగి తిరిగి, ఏడో అంకానికి విశాఖపట్నం చేరుతుంది. మొదటి కూర్పులో ఐదు అంకాలే. 1909లో గురజాడ దాదాపు మళ్లీ రాసి ఏడు చేశారు, వేశ్య మధురవాణి పాత్ర అప్పుడే ఇంత పెద్దదైంది. అన్ని కథలూ కోర్టుకే వచ్చి పడతాయి. భూముల దావా, కూతుర్ని ఎత్తుకుపోయారన్న గొడవ, మాయమైన పెళ్లికూతుర్ని చంపాడని లుబ్ధావధాన్ల మీద కేసు. అన్నీ ఇక్కడికే. అయితే వాటిలో ఏదీ కోర్టులో తేలదు. తేలేది సౌజన్యారావు పంతులు అనే వకీలు గారి ఇంట్లో, రాత్రి పూట, మగవేషంలో వచ్చిన ఒక వేశ్య నోటి మాటతో.

కోర్టు గేటు దగ్గర నిలబడే నాకు ఇది తట్టింది. నాటకంలో రెండు మారువేషాలు ఉన్నాయి. మొదటిది, సుబ్బి పెళ్లి ఆపడానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లకు అంటగట్టడం. మగపిల్లవాడు ఆడపిల్లై డబ్బుకి అమ్ముడుపోతాడు. దానితో చిక్కులన్నీ పడతాయి. రెండోది మధురవాణి మగవాడై సౌజన్యారావు దగ్గరికి రావడం. దానితో చిక్కులన్నీ విడతాయి. మొదటి వేషం అబద్ధం మోసుకొస్తుంది, దానికి ధర ఉంది. రెండో వేషం నిజం మోసుకొస్తుంది, అది పైసా అడగదు. డబ్బు పుచ్చుకుని బతికే మనిషి నిజాన్ని ఊరికే ఇచ్చింది. శాస్త్రాలు చదివిన వాళ్లు పసిపిల్లల్ని అమ్ముకున్నారు. ఈ రెండు వేషాలనూ నాటకానికి అటు చివరా ఇటు చివరా పెట్టిన పద్ధతిలోనే తీర్పు ఉంది. మాస్టారు చెప్పింది అర్థమైంది. నిర్మాణం, నీతి అని రెండు పేరాలు విడివిడిగా రాస్తే ఇది జారిపోతుంది.

సంచి తీసి ఆ ముక్క అక్కడే రాసుకున్నాను. ముసలాయన నావంక చూసి, "ఏ కేసమ్మా?" అని అడిగాడు. లేదండీ, చదువు పని అన్నాను. తలూపాడు.

సౌజన్యారావు గురించి కూడా ఒక మాట. మంచివాడు. ఫీజు లేకుండా లుబ్ధావధాన్ల తరఫున నిలబడ్డాడు. వేశ్యల మొహం చూడనని నియమం పెట్టుకున్నాడు. ఆయన ఎవరి తరఫున నిలబడ్డాడో ఆ ముసలివాడిని కాపాడింది, ఆయన చూడనన్న మనిషే. ఆవిడ తలుచుకుంటే ఆ నియమాన్ని చెరపగలదు. చెడనివాళ్లను చెరపవద్దని తల్లి చెప్పిందని వదిలేసింది. నీతి ఆయన దగ్గర నియమంగా ఉంది. ఆవిడ దగ్గర అది దయ. నాకు ఆవిడదే పెద్దదిగా కనిపిస్తుంది, పరీక్షలో కూడా అలాగే రాస్తాను.

మధ్యాహ్నం వంజరం ముక్కలతో పులుసు పెట్టాను. తిన్నాక అందరూ నడుం వాల్చారు. నేను హాల్లో పుస్తకం తెరిచాను. అత్తయ్య వక్క నములుతూ వచ్చి పక్కన కూర్చున్నారు. ఆవిడది గజపతినగరం దగ్గర పల్లె. చదువుకోలేదు.

"ఏటమ్మా, మొహం అలా పెట్టి చదువుతున్నావు?"

కథ చెప్పాను. ముసలివాడు, డబ్బు, చిన్నపిల్ల. నాటకంలో నౌకరు అసిరిగాడి మాటలు చదివి వినిపిస్తే మురిసిపోయారు. "మా ఊరి మాటలే!" అన్నారు. పిల్లకి డబ్బు పుచ్చుకోవడం దగ్గర మాత్రం ఆగారు.

"డబ్బులిచ్చి చేసుకోడం తప్పేటి? ఓలే కదా అది. మాయమ్మకీ ఓలిచ్చే చేసుకున్నారు."

అది వేరు అత్తయ్యా అనబోయాను. ఆవిడ తన ధోరణిలో చెప్పుకుపోయారు. "మాయమ్మని మొదట చేసుకున్నోడు మాయయ్య కాదు. ఆడు జొరమొచ్చి పోయాడు. అప్పటికి మాయమ్మకి పదహారో పదిహేడో. ఏడాది తిరిగేసరికి మాయయ్య మారుమనువు చేసుకున్నాడు. ఆ ఓలి డబ్బులు ఆళ్లకి కట్టీసి తెచ్చుకున్నాడు. పెద్దలు కూకుని తేల్చీసారు."

నా పెళ్లై పద్నాలుగేళ్లు. ఈ సంగతి నాకు ఇవాళే తెలిసింది.

ఎవరూ ఏమీ అనలేదా అని అడిగాను. "ఏటంటారు? పడుచుది. ఒక్కర్తే ఎలాగ ఉంటది? కూడదంటే నానెక్కడిదాన్ని, నీ మొగుడెక్కడివోడు?" అని లేచి వక్క ఉమ్మడానికి పెరట్లోకి వెళ్లారు.

కదలకుండా అలాగే కూర్చుండిపోయాను. వితంతువు మళ్లీ పెళ్లాడవచ్చని 1856లోనే ప్రభుత్వం చట్టం చేసింది. ఆ చట్టం ఉండి కూడా బుచ్చమ్మ తన ఇంటి గడప దాటడానికి ఒక మోసగాడి చేయి పట్టుకోవాల్సి వచ్చింది. అదే జిల్లాలో, బండి మీద ఒక పూట దూరంలో, మా అత్తయ్య వాళ్లమ్మ దారిని నలుగురు పెద్దలు చెట్టు కింద కూర్చుని తేల్చేశారు. అక్కడా డబ్బు చేతులు మారింది. అది మంచిదని నేను అనను. పిల్లకు వెల కట్టడం ఎక్కడైనా వెల కట్టడమే. కానీ అక్కడ భర్త పోతే తలుపు మూసుకోలేదు. అగ్రహారంలో ధరతో పాటు తాళం కూడా ఉంది. ముసలివాడికి అమ్ముతారు, వాడు పోగానే తాళం వేస్తారు. ఆ 1,034 మందిలో ఎంతమంది పదేళ్లలోపే బుచ్చమ్మలయ్యారో! గురజాడ చూసింది తన చుట్టూ ఉన్న ఆ ఇళ్లను. అందుకే నాటకంలో కన్యాశుల్కం, వితంతు వివాహం ఒకే తాడుకి రెండు కొసలుగా కనిపిస్తాయి. రాజకీయం అంటే చట్టసభ ఒక్కటే కాదని బండివాడు చెప్పాడు. మా అత్తయ్య కూడా దాదాపు అదే చెప్పారు.

సాయంత్రం టీ ఇస్తుంటే ఆవిడే అడిగారు. "ఆ బోడిపిల్ల ఏటయిందమ్మా?"

పూనాలో వితంతువుల కోసం పెట్టిన హోముకి వకీలు గారు పంపించారు, చదువు చెప్పిస్తారు అన్నాను.

"పూనా అంటే?"

"చాలా దూరం అత్తయ్యా. మహారాష్ట్ర."

"ఆ పిల్లకి ఆళ్ల మాటొచ్చా?"

జవాబు చెప్పలేకపోయాను. రాత్రి భోజనాలయ్యాక ఏడో అంకం మళ్లీ మొదట్నుంచి చివరి దాకా చదివాను. బుచ్చమ్మ పూనా సంగతి మనకు సౌజన్యారావు మాటల్లోనే తెలుస్తుంది. ఆ పిల్ల నోటి నుంచి వినం. ఆ హోము మంచి చోటే. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో ఇలాంటి పిల్లల కోసమే శారదా సదన్ తెరిచి, మరుసటేడు పూనాకి మార్చారు. బుచ్చమ్మకి గిరీశం కంటే అది వెయ్యి రెట్లు మేలు. అందులో నాకు అనుమానం లేదు. అయినా నాన్న ఒకరికి అమ్మాడు, గిరీశం ఒకచోటికి తీసుకుపోయాడు, వకీలు గారు మరోచోటికి పంపారు. మూడుసార్లు దారి మారింది, ఆఖరిసారి మంచి దారి. ఆ చివరి మాట, కథ అడ్డం తిరిగిందన్న మాట, గిరీశానికి దక్కింది. బుచ్చమ్మకి ఏ మాటా దక్కలేదు.

గురజాడకి ఇది తెలియక వదిలేశారని నేను అనుకోను. రంగం మీద ఆమె లేకపోవడాన్ని ఆయన అలాగే ఉంచారు. ఇవాళ మా అత్తయ్య దాన్ని చూశారు, పుస్తకం చదవకుండానే.

అసైన్‌మెంటు మొదటి పేజీ క్లాసు నుంచి ఇంటికొచ్చే బస్సులోనే రాశాను, 'గురజాడ వేంకట అప్పారావు 1862లో జన్మించారు' అని. ఇప్పుడు ఆ పేజీ చింపేశాను. కొత్త పేజీలో ఆ ప్రశ్నే రాశాను. 'ఆ పిల్లకి వాళ్ల భాష వచ్చా?' దాని కింద రెండు పేజీలు నిండాయి. మధురవాణి దాకా ఇంకా రాలేదు. కుళాయి నాలుగున్నరకి వస్తుంది, బిందెలు కడిగి పెట్టుకోవాలి.