చెరువు కింద మాగాణిలో ఇళ్ల కాలనీ వద్దంటున్నాం

నెల్లూరుకు ఆనుకొని ఉన్న మా పంచాయతీని నగరంలో విలీనం చేసి, చెరువు కింది మాగాణిని ఇళ్ల కాలనీకి తీసుకోవాలన్న ప్రతిపాదన ఊళ్లోకి వచ్చిన నాటి నుంచి మాకు కంటి నిండా నిద్ర లేదు. మొదట్లో ఇవి రెండూ వేర్వేరు సంగతులనుకున్నాం. పంచాయతీ పోతే 73వ రాజ్యాంగ సవరణ గుర్తించిన గ్రామసభ కూడా పోతుందనీ, మాగాణి గురించి ఊరంతా కూర్చుని తీర్మానం చేసుకునే చోటే మిగలదనీ ఒక పెద్దాయన విడమరిచి చెప్పాకే ఆ ముడి అర్థమైంది. ఉపాధి హామీ పనులూ ఆగిపోతాయి కాబట్టి సంతకాలకు ముందుగా వచ్చింది కూలికి వెళ్లే ఆడవాళ్లే.

గత ఆదివారం రామాలయం అరుగు మీద అభ్యంతర పత్రాలు రాశాం. "మా భూములు ఇవ్వం" అని ఒక్క ముక్క రాస్తే పక్కన పడేస్తారు. అందుకని ప్రతి రైతూ పాసుపుస్తకం తెచ్చి సర్వే నంబరు, విస్తీర్ణం, ఏ తూము కింద పారుతుందో, రెండో పంట ఎడగారులో ఎన్ని పుట్లు పండిందో రాయించాడు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడ్డాక అభ్యంతరాలకు 60 రోజులే గడువు. బహుళ పంటలు పండే సాగునీటి భూమిని గత్యంతరం లేనప్పుడు తప్ప తీసుకోరాదని 10వ సెక్షన్ చెబుతున్నా, రాష్ట్ర సవరణతో పేదల ఇళ్లకు మినహాయింపు ఇచ్చే వీలుంది కనుక ఆ ఒక్కదాన్నే నమ్ముకోలేదు.

మా అసలు ఆధారం, చెరువు నిండితే మిగులు నీరు పొర్లిపోయే కలుజు పక్కనున్న మోటారు షెడ్డు గోడ. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన రోజుల్లో, మా కలుజు నీళ్లు ఈ పొలాల మీదుగానే కాలువలోకి దిగాయి. గోడ మీద ఛాతీ ఎత్తున బురద చార ఇప్పటికీ ఉంది. కొలతలకు వచ్చిన ఉద్యోగితో మా పిన్ని ఆ చార మీద చెయ్యి పెట్టి, "ఇక్కడ పొయ్యి పెట్టుకోమంటారా నాయనా?" అని అడిగింది. ఆయన మారు మాట్లాడలేదు. ఆ చారను టేపుతో కొలిచి, ఫోటో తీసి అర్జీకి జతచేశాం.

"మీకు పొలాలన్నా ఉన్నాయి, మాకు ఇల్లే లేదు" అని ఒక కుర్రవాడు ఆ అరుగు మీదే లేచి అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. ఊరికి పడమర మెట్ట మీదున్న ప్రభుత్వ భూమిలో ఇళ్లు కట్టించాలని కోరే పేరాను అతని చేతే రాయించాం. నా దృష్టిలో అర్జీ మొత్తానికి అదే బలమైన భాగం.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తాం. మూడో తూము కింద ఇంకా పదకొండు మంది సంతకాలు రావాలి. వారిలో నలుగురు చెన్నైలో ఉన్నారు, శనివారం రాత్రి బండికి వస్తామన్నారు.