కొన్ని సెకన్ల పట్టు

"మేడమ్, టీ కణం వైరస్ ముక్కకి ఎంత గట్టిగా అతుక్కుంటే అంత బాగా గుర్తుపట్టినట్టే కదా?" ఇవాళ బ్రాడీపేట ట్యూషన్‌లో వెనక బెంచీ అమ్మాయి అడిగింది. టీ కణాలంటే ఒంట్లో రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయినా ఎవరూ లేవలేదు.

బోర్డు మీద వరుసగా తొమ్మిది సున్నాలు చుట్టాను. వైరస్ ప్రోటీన్ నుంచి తెగిన ముక్క, తొమ్మిది అమైనో ఆమ్లాలు. మన కణం దాన్ని ఎంహెచ్‌సీ అనే పళ్ళెం లాంటి అణువులో పెట్టి బయటికి చూపిస్తుంది. టీ కణం పైనుండే రిసెప్టర్, అంటే గుర్తుపట్టే అణువు, వచ్చి తడిమి చూస్తుంది. మధ్యలో ఒక్క సున్నా చెరిపి వేరే అక్షరం రాశాను, అంటే వేరే అమైనో ఆమ్లం. అంతే, పట్టు సడలిపోవచ్చు.

అసలు ఆ పట్టే బలహీనం. మంచి యాంటీబాడీతో పోలిస్తే తరచూ వెయ్యి రెట్లు తక్కువ. కొన్ని సెకన్లు ఉండి వదిలేస్తుంది. టీ కణం లోపల ఒకదాని వెనక ఒకటి జరగాల్సిన రసాయన చర్యలకి ఆ కాస్త టైమ్ కావాలి. ముందే ఊడితే మళ్ళీ మొదటికే. 1995లో మెకీథన్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన ఈ వివరణ ఎన్నిసార్లు చెప్పినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మన సొంత ప్రోటీన్ల ముక్కల్నే మరీ గట్టిగా పట్టుకునే టీ కణాలు చాలావరకు అవి ఎదిగే థైమస్ గ్రంథిలోనే చనిపోతాయి. అసలు పట్టుకోలేనివీ అక్కడే పోతాయి. అది విని "అయ్యో పాపం" అంది ఆ అమ్మాయి.

క్యాన్సర్ చికిత్స కోసం ల్యాబుల్లో పట్టు పెంచిన రిసెప్టర్ల సంగతి రేపు చెప్తాను. అక్కడ అంత జాగ్రత్త ఎందుకో తనే చెప్పేస్తుందని నా నమ్మకం.