ప్రింట్ రింట్

ఆదివారం. అమ్మాయి ఇవాళ మొదటిసారి స్పెక్ట్రమ్ నెక్స్ట్ ముందు కూర్చుంది. పాత జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్‌కు ఇది కొత్త రూపం. పాతదానిలా 48కె (48 కిలోబైట్ల మెమరీ) పద్ధతిలో పెట్టి ఇచ్చాను. ‘ప్రింట్’ అని ఒక్కో ఇంగ్లిషు అక్షరమూ కొట్టింది. తెర మీద ‘ప్రింట్ రింట్’ అని పడింది! 1982 నాటి జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌లో ‘పి’ మీట నొక్కగానే మాట మొత్తం వచ్చేస్తుంది. మిగిలిన నాలుగు అక్షరాలను యంత్రం ఏదో చలరాశి పేరనుకుంది. ఎంటర్ కొట్టగానే అలాంటి చలరాశి లేదని చెప్పింది. ఇద్దరం పడీపడీ నవ్వాం.

తర్వాత బొమ్మ గీద్దామంది. ‘సర్కిల్’ అన్న మాట కోసం షిఫ్టు మీటలు రెండూ కలిపి నొక్కాలి, ఆపైన ఇంకో జత. వేళ్లకు శిక్షే. ఎర్ర వృత్తం బాగానే వచ్చింది. దాన్ని కోస్తూ పచ్చ వృత్తం గీసేసరికి, రెండూ కలిసినచోట ఎరుపు కూడా పచ్చబడింది.

“నాన్నా, ఇది తప్పు కదా?”

తప్పు కాదు, మెమరీ పొదుపు. ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడి ఒక్కోదానికి రెండే రంగులు. తెర మొత్తానికి 768 గడులు, కాబట్టి రంగుల ఖర్చు 768 బైట్లు. నెక్స్ట్‌లో ఉన్నది ఎఫ్‌పీజీఏ, అంటే లోపలి అమరికను మార్చుకోగల చిప్పు. అందులోని లాజిక్ గేట్లను పాత యంత్రం అమరికలో కుదురుస్తారు. అంటే ఈ లోపాన్ని కూడా ఎవరో శ్రద్ధగా కూర్చుని తిరిగి కట్టారన్నమాట. కావాలంటే దీన్ని 28 మెగాహెర్ట్జ్ వేగంతో పరుగెత్తించవచ్చు. అసలుది 3.5. నాకెందుకో ఆ వేగం ముట్టుకోబుద్ధి కాలేదు.

(పెట్టె రూపం రిక్ డికిన్సన్‌ది. అసలు స్పెక్ట్రమ్‌కూ ఆయనే రూపమిచ్చారు. 2018లో పోయారు. కీబోర్డుతో సహా పూర్తి యంత్రాలు 2020లో జనం చేతికందాయి.)

బొమ్మను కాసెట్టులోకి ఎక్కించాం. తిరిగి తెరవబోతే మొదట లోపం అని వచ్చింది. టేప్ రికార్డర్ శబ్దం తగ్గించి, పెంచి, మూడోసారికి కుదిరింది. ఆ కీచుమంటున్న అరుపు విని అమ్మాయి చెవులు మూసుకుంది, కానీ తెర మీది నుంచి చూపు తిప్పలేదు. అంచున నీలం, పసుపు చారలు పరుగెడుతున్నాయి. వృత్తాలు పైనుంచి కిందికి వరసగా రాలేదు. తెర మూడు భాగాలైంది. ఒక్కో భాగంలో ఎనిమిదేసి గీతల ఎడంతో దువ్వెన పళ్లలా మొదలై, మధ్య ఖాళీలు నిండుతూ వచ్చాయి. అప్పటికింకా నలుపూ తెలుపే. ముప్పావు నిమిషం గడిచాక, చిట్టచివర ఆ 768 బైట్లూ దిగి, రంగులు గబగబా పరుచుకున్నాయి.

“పచ్చ ఇంకా తప్పుగానే ఉంది,” అంది, తృప్తిగా.

కాసెట్టు చీటీ మీద పెన్సిలుతో ‘తప్పు వృత్తాలు’ అని రాసింది. రెండో వైపు ఖాళీగా ఉందా అని అడుగుతోంది.