అన్నయ్య అవయవదానానికి మా ఇంట్లో ఒప్పుకున్న తీరు

ప్రమాదంలో తలకు బలమైన గాయమైన మా అన్నయ్య బ్రెయిన్ డెడ్ అయ్యారని, అంటే మెదడు ఇక తిరిగి పనిచేయని విధంగా పూర్తిగా ఆగిపోయిందని, వైద్యులు నిర్ధారించిన తరువాత, ఆయన అవయవాలను దానం చేయడానికి మా కుటుంబం అంగీకరించింది. ఆ అంగీకారం అంత తేలికగా కుదరలేదు. అవయవదానానికి మతమే అడ్డమని చాలామంది అంటారు గానీ, మా ఇంట్లో నేను చూసినంతవరకు అంతకంటే పెద్ద అడ్డంకులు రెండు: ఇంకా వెచ్చగానే ఉన్న ఒళ్లు, 'సరే' అన్నవాళ్ల మీద పడబోయే నింద.

వెంటిలేటర్ మీద ఉన్న మనిషి ఛాతీ లేచి పడుతూనే ఉంటుంది, గుండె కొట్టుకుంటున్నట్టు మానిటర్ చూపిస్తూనే ఉంటుంది. అటువంటి కొడుకు పోయాడంటే ఏ తల్లి నమ్ముతుంది? మెదడు పూర్తిగా ఆగిపోవడాన్ని మరణంగా లెక్కించాలని అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాల కమిటీ ప్రతిపాదించింది 1968లో. అంతకు ముందు తరాలన్నిటికీ చావంటే ఊపిరి ఆగడం, గుండె ఆగడమే. అదే ఏడాది జపాన్‌లో జరిగిన తొలి గుండె మార్పిడిలో, దాత నిజంగా చనిపోయాడా అన్న అనుమానం దేశమంతా రేగింది. బ్రెయిన్ డెడ్ అయినవారి నుంచి అవయవాలు తీసుకోవడానికి వీలు కల్పించే చట్టం అక్కడ 1997 దాకా రాలేదు. ఒక దేశమే అన్నేళ్లు తటపటాయించినప్పుడు, మా అమ్మ కొన్ని గంటలు తటపటాయించడంలో వింత లేదు.

నిర్ధారణ పరీక్షను దగ్గరుండి చూడవచ్చని వైద్యులు చెబితే, వదినా నేనూ లోపలికి వెళ్లాం. కళ్లలోకి టార్చి వేశారు, చెవిలోకి మంచునీళ్లు పంపారు. కనుపాపలు ముడుచుకోలేదు, కళ్లు కదలలేదు. చివరిది శ్వాస పరీక్ష. వెంటిలేటర్ తీసేసి, ఆక్సిజన్ మాత్రం సన్నని గొట్టంతో ఊపిరితిత్తుల్లోకి పంపుతూ, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగనిస్తారు. ఊపిరిని నడిపించే మెదడు కింది భాగమైన మెదడు కాండంలో ఏ కాస్త ప్రాణం ఉన్నా, ఆ స్థితిలో మనిషి ఊపిరి తీసుకోవలసిందే. మాకు స్పష్టంగా కనిపించాలని వైద్యుడు దుప్పటి నడుము దాకా తీశారు. వదిన ఆ ఛాతీ మీదనుంచి చూపు తిప్పలేదు. అది లేవలేదు. బయటికి వచ్చాక ఆమె అమ్మ పక్కన కూర్చుని, "అత్తయ్యా, ఆయన లేరు. నేను చూశాను" అన్నది. అప్పటిదాకా ఏ వైద్యుడు ఎంత చెప్పినా వినని అమ్మ, ఆ మాట విన్నది.

దానం ప్రస్తావన ఆ తరువాతే వచ్చింది, అదీ పరీక్ష చేసిన వైద్యుల నోట కాదు, అవయవదానం గురించి కుటుంబాలతో మాట్లాడే కోఆర్డినేటర్ నోట. మరణాన్ని నిర్ధారించేవారికి, అవయవ మార్పిడి బృందానికి సంబంధం ఉండకూడదన్న నియమాన్ని ఆమె ముందుగానే వివరించడంతో, అవయవాల కోసమే వైద్యం ఆపేశారేమోనన్న బాబాయి అనుమానం తీరింది.

నింద సంగతి అలా తీరలేదు. "రేపు నలుగురూ ఆ పిల్లనే అంటారు, మొగుణ్ణి కోయించిందని" అన్నారు పెదనాన్న. ఆ భయం నిజమైనదే. తన అవయవాలు దానం చేయాలని అన్నయ్య వదినతో ఎప్పుడో అన్నారు గానీ, ఆ మాట విన్నది ఆమె ఒక్కతే. వద్దని ముందే చెప్పనివారందరినీ దాతలుగా పరిగణించే చట్టాన్ని 1979లోనే తెచ్చుకున్న స్పెయిన్‌లో సైతం కుటుంబాన్ని అడగకుండా ముందుకు వెళ్లరు. ఎక్కడైనా చివరికి భారం ఇంటివాళ్ల మీదే పడుతుంది. ఆ భారం వదిన ఒక్కదాని మీద పడకూడదని నేను పట్టుబట్టాను. అందరం ఒకే గదిలో కూర్చున్నాం. ముఖం మారిపోతుందా, ఎంత ఆలస్యమవుతుంది, ఎవరికి ఇస్తారు అని ఎవరికి తోచింది వారు అడిగారు. కళ్లు మాత్రం ఇవ్వనని అమ్మ అన్నది. కోఆర్డినేటర్ ఎదురు చెప్పకుండా పత్రంలో కళ్లను మినహాయించి రాశారు. వదిన సంతకం కింద సాక్షిగా పెదనాన్న సంతకం చేశారు.

ఆ తరువాతి నిరీక్షణ గురించి మాత్రం ఆసుపత్రివాళ్లు మాకు ముందే ఇంకా వివరంగా చెప్పవలసింది. బయటికి తీసిన గుండె సుమారు నాలుగు గంటలే నిలుస్తుంది, మూత్రపిండాలు ఒక రోజు దాకా ఆగగలవు. అందుకే గ్రహీతలు ఖరారై, బృందాలన్నీ సిద్ధమైతే గాని శస్త్రచికిత్స మొదలుపెట్టరు. అంతసేపు ఆయన ఛాతీ మా కళ్ల ముందు లేచి పడుతూనే ఉన్నది. ఒప్పుకున్న తరువాత కూడా అమ్మకు మళ్లీ ఆశ పుట్టడం ఆ గంటల్లోనే చూశాను.

దేహాన్ని శుభ్రంగా కుట్టి అప్పగించారు. పెదనాన్న స్వయంగా చూసి తృప్తిపడ్డారు. పరామర్శకు వచ్చినవారిలో కొందరు, "ఎంత ఇచ్చారు?" అని అడిగారు. అవయవాల అమ్మకం దాదాపు అన్ని దేశాల్లోనూ నేరమని, గ్రహీతల పేర్లు కూడా మాకు చెప్పలేదని వారికి సమాధానమిచ్చింది వదిన కాదు, పెదనాన్న.

నేనూ దాతగా పేరు నమోదు చేసుకున్నాను. కార్డు జేబులో పెట్టుకుని ఊరుకోకుండా, భార్యాపిల్లలు, అమ్మ, పెదనాన్న అందరూ ఉన్నప్పుడు నా కోరికను పైకి చెప్పాను. పెదనాన్న తల ఊపారు. అమ్మ మళ్లీ కళ్ల సంగతి ఎత్తింది. ఆ ఒక్క విషయంలో మా ఇద్దరికీ ఇంకా మాట కుదరలేదు.