మోకాలైతే చెప్పుకునేదాన్ని

2019లో నా కుడి మోకాలు వాచినప్పుడు ఆ సంగతి విశాఖలో మా మల్కాపురంలో సగం మందికి తెలుసు. పాలు పోసే ఆయన అడిగేవాడు, ఆటోస్టాండులో అన్నలు అడిగేవారు, "మోకాలు ఎలాగుందమ్మా?" అని. అమ్మ నువ్వులనూనె వెచ్చచేసి మర్దనా చేసేది. కోచ్ సార్ ఆరు వారాలు నన్ను రాడ్ ముట్టుకోనివ్వలేదు. నాటకాలాడుతోందని ఒక్కరూ అనలేదు.

2024లో పాడైంది మోకాలు కాదు. దానికో పేరుందని తెలియడానికే ఏడు నెలలు పట్టింది.

నేను వెయిట్‌లిఫ్టర్‌ని. నాన్న పోర్టులో కలాసీ. "నువ్వెత్తితే చప్పట్లు కొడతారు, నేనెత్తితే కూలిస్తారు, రెండూ బరువులే" అని నవ్వేవాడు. ఉత్తరాంధ్రలో ఆడపిల్ల రాడ్ పట్టిందంటే మొదట వినపడే పేరు కరణం మల్లీశ్వరి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆవిడది. 2000లో సిడ్నీలో రెండు పద్ధతుల్లో 110, 130 కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. మా జిమ్‌లో ఈ కథ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు చివర్లో తప్పకుండా తగిలించేవారు: "ఆ ఆఖరి 137.5 లేచుంటే బంగారమే." ఎప్పుడో పాతికేళ్ల కిందట లేవని ఆ ఒక్క బరువు కోసం టీకొట్టు దగ్గర ఇప్పటికీ ఉసూరుమంటారు. పన్నెండేళ్ల పిల్లగా అది వింటూ నేనేం నేర్చుకుంటున్నానో నాకప్పుడు తెలీదు. దేశానికి ఎవరూ తేనిది తెచ్చినా సరే, ముందు రానిదాని లెక్కే తీస్తారు.

నేను వెళ్లిన అంతర్జాతీయ పోటీ పేరూ, ఊరి పేరూ రాయను. రాస్తే ఫలితం వెతుకుతారు. అంత శ్రమ అక్కర్లేదు, నేనే చెబుతాను, మూడుకి మూడూ పోయాయి.

బయల్దేరే ముందు వారం మా వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. పన్నెండడుగుల ఎత్తు. మధ్యలో నేను, చుట్టూ ఎనిమిది మంది నాయకులు, పైన "మన ఆడబిడ్డ, మన పతకం". ఇంకా గెలవని పతకానికి ముందస్తు అభినందనలు. నాన్న రోజూ డ్యూటీకి వెళ్తూ దాని కింద సైకిల్ ఆపి ఒకసారి తలెత్తి చూసేవాడట. ఈ మాట అమ్మ సంతోషంగా ఫోన్లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మామూలుగా నా ఒంటి బరువు 57.5, 58 మధ్య. విభాగమేమో 55. పోటీకి రెండు గంటల ముందు కాటా మీద నిలబడితే ముల్లు 55 దాటకూడదు. ఏళ్ల తరబడి అదే పని. ఆరు రోజులు ఉప్పు మానేయడం, అన్నం మానేయడం, చివరి రోజు నీళ్లు కూడా మానేసి చూయింగ్ గమ్ నములుతూ సీసాలోకి ఉమ్మడం. అప్పటికి నెలసరి ఆగిపోయి ఐదు నెలలు. ఎవరికీ చెప్పలేదు. నిజానికి పీడా విరగడైందనుకున్నాను. తలలో ఏదో దూదిలా నిండిపోవడం, ఇష్టమైన చేపల పులుసు వాసన కూడా ఏమీ అనిపించకపోవడం, వీటన్నిటికీ నా దగ్గర ఒకటే సమాధానం ఉండేది: వెయిట్ కటింగ్. మంచి సాకు. రెండేళ్లు నన్ను నేనే మోసం చేసుకోవడానికి సరిపోయింది.

ఆ రెండు పద్ధతుల్లో మొదటిది స్నాచ్, అంటే రాడ్‌ని ఒక్క ఊపులో నేల మీంచి తలపైకి తీసుకెళ్లడం. చూసేవాళ్లకి ఎత్తడమే కనిపిస్తుంది. అసలు పని వేరే. రాడ్ ఇంకా పైకి లేస్తుండగానే మనం దాని కిందకి దూరాలి. అర సెకను కూడా ఉండదు. అక్కడ ఆలోచన వచ్చిందా, అయిపోయినట్టే.

నా పేరు పిలిచారు. గడియారం ఒక నిమిషం నుంచి వెనక్కి నడవడం మొదలైంది. చేతులకి చాక్ రాసుకుంటుంటే వేళ్లు నావి కావనిపించింది. రాడ్ మీద 80 కిలోలు. జిమ్‌లో వందలసార్లు ఎత్తిన బరువు. వంగి పట్టుకున్నాను. ముప్పై సెకన్లున్నాయని బజర్ మోగింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, ఊపిరి గొంతు దగ్గరే ఆగిపోతోంది, హాల్లో లైట్లు దూరంగా జరిగిపోతున్నాయి. లాగాను. రాడ్ లేచింది, నేను మాత్రం కిందకి దూరలేదు. నిలబడి చూస్తూ ఉండిపోయాను, ఎవరో ఎత్తుతుంటే చూస్తున్నట్టు. రెండోసారీ అంతే. మూడోసారి రాడ్ నడుము దాటనే లేదు. మూడు ఎర్రలైట్లు. స్నాచ్‌లో మూడూ పోతే మొత్తం లెక్కలోకే రాదు.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సిమోన్ బైల్స్ గాల్లో తన ఒళ్లు ఎటు తిరుగుతోందో తెలియక టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకుంది. అప్పుడు హాస్టల్లో టీవీ చూస్తూ నేనొక మాటన్నాను: "డబ్బున్న దేశం, తప్పుకున్నా నడుస్తుంది." పక్కనున్న పిల్లలు నవ్వారు. ఆ మాట ఇక్కడ రాసి ఉంచడం న్యాయం.

తిరుగు ప్రయాణంలో సామాను కోసం నిలబడి ఉండగా ఒక పెద్దమనిషి నాకు వినపడేలాగే అన్నాడు, "సర్కారు సొమ్ము దండగ" అని. నేను తలూపాను. నిజంగానే తలూపాను.

ఫ్లెక్సీ అలాగే ఉంది. దాన్ని కట్టినవాళ్లకి విప్పే తీరిక ఉండదు కదా. ఇంటికెళ్లాలంటే దాని కిందనుంచే వెళ్లాలి. నేను వెనక సందులోంచి, మురిక్కాలువ గట్టు మీదుగా తిరిగి వెళ్లేదాన్ని.

పదో రోజు జగదాంబ దగ్గర సిటీ బస్సులో ఛాతీ పట్టేసింది. ఎడమ చెయ్యి తిమ్మిరి, ఒళ్లంతా చెమట. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. ఎవరో పుణ్యాత్ములు ఆసుపత్రిలో చేర్పించారు. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్, అన్నీ నార్మల్. ఆ మాట విని అమ్మ దణ్ణం పెట్టుకుంది. నేను ఏడ్చాను. ఏదో ఒకటి తేలితే బాగుండును, చూపించుకోవడానికి ఒక కాగితం ఉండేది.

తర్వాత ఒక్కొక్కరు ఒక్కో రోగం చెప్పారు. గ్యాసన్నారు, దిష్టన్నారు, పెళ్లి చేసేయండన్నారు. అమ్మ బురుజుపేట కనకమహాలక్ష్మికి మొక్కుకుంది. పైకప్పు లేని ఆ అమ్మవారి దగ్గర ఎవరైనా తమ చేత్తోనే పసుపూకుంకుమా వేయొచ్చు. మార్గశిర గురువారాల రద్దీ లేని రోజు కావడం వల్లో, నెత్తిన ఆకాశం ఉండటం వల్లో, అక్కడ కాసేపు ఊపిరాడింది. ఇల్లు చేరేసరికి మళ్లీ మామూలే.

"ఏటమ్మా, ముద్ద ముట్టలేదేటి?" అని అమ్మ అడిగేది.

"ఆకల్లేదమ్మా."

"నీకేటైందో నోరిప్పి సెప్పవే. మోకాలా, నడుమా?"

ఏం చెప్పను? ఎక్కడ నొప్పో చూపించడానికి నాకు చోటు లేదు.

ప్రాక్టీసు మానలేదు, అది ఇంకా ఘోరం. రాత్రి రెండింటికి మెలకువ, తెల్లారేదాకా పైకప్పు చూడటం. డోపింగ్ పరీక్షల జాబితాలో ఉన్నవాళ్లు రోజుకో గంట ఎక్కడ దొరుకుతారో ముందే రాసివ్వాలి. పన్నెండు నెలల్లో మూడుసార్లు దొరక్కపోతే నిషేధం దాకా పోతుంది. నేను ఐదు నుంచి ఆరు అని రాశాను. నిద్ర పట్టే వేళకి, బెల్ కొడతారేమోనని లేచి కూర్చునేదాన్ని.

జులై ఆఖర్లో పారిస్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. ఆగస్టులో మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజి వంద మీటర్ల హర్డిల్స్‌లో పరిగెత్తింది. ఒలింపిక్స్‌లో ఆ పరుగుకి దిగిన మొదటి భారతీయురాలు. వీధంతా టీవీల ముందే ఉంది. నేను దుప్పటి కప్పుకుని గదిలో ఉన్నాను. ఆ వారంలోనే కుస్తీలో వినేశ్ ఫోగాట్ ఫైనల్ రోజు పొద్దున 50 కిలోల మీద 100 గ్రాములు ఎక్కువ తూగిందని పోటీలోంచి తీసేశారు. మా బాబాయి హాల్లో కూర్చుని, "వంద గ్రాములు తగ్గించుకోలేకపోయిందా? ఓసారి వాంతి చేసుకున్నా పోను" అన్నాడు. ఆ వంద గ్రాములు ఒంట్లో ఎక్కడుంటాయో, వాటికోసం ఒక రాత్రంతా ఏం చేస్తారో నాకు తెలుసు. లేచి వెళ్లి టీవీ ఆపేశాను. ఆరు నెలల్లో నాకు కోపం రావడం అదే మొదటిసారి. కోపం వచ్చిందంటే ఇంకా ఏదో బతికే ఉందన్నమాట అని డాక్టరుగారు తర్వాత అన్నారు.

ఆ రాత్రే 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే లైను, 2022 అక్టోబరులో మొదలైంది, పైసా ఖర్చు లేదు. మొదటిసారి రింగవుతుండగానే భయమేసి కట్ చేశాను. రెండోసారి ఒకామె ఎత్తి తెలుగులో, ఏ సాగదీతా లేకుండా అడిగింది: "చనిపోవాలనిపిస్తోందా అమ్మా?" అంతవరకు ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. "చావాలని లేదండి, పొద్దున్న లేవాలనీ లేదు" అన్నాను. ఆమె కంగారుపడలేదు, నీతులు చెప్పలేదు. ఇంట్లో ఎవరు మెలకువగా ఉన్నారో అడిగి, వాళ్లని లేపించింది. లేచింది నాన్న. చాలాసేపు నా పక్కన నేల మీద కూర్చున్నాడు. "బరువు ఒక్కళ్లమే ఎత్తలేమనుకో, ఇంకో కలాసీని పిలుస్తాం. దానికి సిగ్గేటి?" అన్నాడు.

మా ఊళ్లో ఎవరైనా తిక్కగా మాట్లాడితే "వాల్తేరు పంపించాలి" అంటారు, అక్కడ మానసిక ఆసుపత్రి ఉంది కాబట్టి. నేనెన్నిసార్లు అన్నానో లెక్కలేదు. నన్ను తీసుకెళ్లింది ఎంవీపీ కాలనీలో ఒక చిన్న క్లినిక్‌కి. బోర్డు మీద "న్యూరోసైకియాట్రీ" అని ఉంది. అమ్మకి అందులో "న్యూరో" ఒక్కటే కనిపించింది, ప్రాణం కుదుటపడింది. చుట్టాలందరికీ నరాల డాక్టరని చెప్పింది. నరాల బలహీనత గౌరవమైన జబ్బు.

డాక్టరమ్మ రోగం పేరు చెప్పారు. డిప్రెషన్, దాంతోపాటు పానిక్ అటాక్స్. నెలసరి గురించి అడిగింది కూడా ఆవిడే. తినేది తక్కువ, ఖర్చుచేసేది ఎక్కువ అయితే ఒళ్లు ముందు ఇలాంటివే ఆపేస్తుందనీ, ఎముకలూ మనసూ కూడా దెబ్బతింటాయనీ చెప్పి గైనకాలజిస్టు దగ్గరికీ పంపారు. మందు చీటీ మీద ఎస్సిటాలోప్రామ్, మొదట 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. ఆవిడ కలం తీయకముందే నేనడిగింది, "డోపింగ్‌లో పట్టుబడతానా?" అని. చచ్చిపోతానా అని కాదు చూడండి. ఇద్దరం కూర్చుని నిషిద్ధ జాబితా చూశాం. ఈ మందు అందులో లేదు. అలాగని నా మాట పట్టుకుని ఎవరూ ఏదీ మింగకండి. గుండె దడ తగ్గించే బీటా బ్లాకర్ల లాంటివి మా ఆటలో పర్వాలేదు గానీ షూటింగ్, ఆర్చరీ వాళ్లకి నిషిద్ధం. ఎవరి ఆట జాబితా వాళ్లు చూసుకోవాల్సిందే.

మొదటి పది రోజులూ వికారం, చేతుల్లో సన్నటి వణుకు. నాలుగో వారంలో ఒక పొద్దున పక్కింట్లో పోపు వాసనకి ఆకలేసింది. అంతే, అంతకంటే పెద్ద మార్పేమీ రాలేదు. మూడో నెలలో బాగైపోయాననుకుని ఎవరికీ చెప్పకుండా బిళ్లలు ఆపేశాను. తల తిరగడం, తల తిప్పితే మెదడులో కరెంటు కొట్టినట్టు ఉండటం, రెండు వారాలకి మళ్లీ ఆ దూది. డాక్టరమ్మ తిట్టలేదు. "మోకాలికి కట్టు నువ్వే విప్పేసుకుంటావా?" అన్నారు. అది బాగా తగిలింది.

సైకాలజిస్టు దగ్గర చేసిన పని నాకు తెలిసిన భాషలోనే ఉంది. పానిక్‌ని తప్పించుకోవడం కాదు, కావాలని తెచ్చుకోవడం. సన్నటి స్ట్రాతో నిమిషంసేపు ఊపిరి తీయడం, కుర్చీలో గిరగిరా తిరగడం, మెట్లు ఎక్కిదిగి గుండె దడదడలాడుతుంటే ఏమీ చేయకుండా కూర్చోవడం. ఆ దడ ప్రమాదం కాదని ఒంటికి కొద్దికొద్దిగా నేర్పించాలి. రాడ్ మీద రెండున్నర కిలోల ప్లేట్లు ఎక్కించుకుంటూ పోయినట్టే. మొదటిసారి స్ట్రాతో పదిహేను సెకన్లకే ఏడ్చేశాను. 80 కిలోలెత్తినదాన్ని స్ట్రా ఎత్తలేకపోయాను.

2025 ఆషాఢంలో అమ్మతో కలిసి సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లాను, 32 కిలోమీటర్లు. అప్పూఘర్ దగ్గర జనం ఒరుసుకుంటుంటే అది వచ్చింది, బస్సులో వచ్చిందే. పక్కకి జరిగి గట్టు మీద కూర్చున్నాను. రానిచ్చాను. పది నిమిషాలకి పోయింది. ఎవరో మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టి వెళ్లారు. మర్నాడు సింహాచలం చేరేసరికి కాళ్లు రెండూ బొబ్బలు. ఎలాగున్నాయని పాలాయన అడిగితే చూపించాను కూడా.

ఆ ఏడాది జూన్ నుంచే ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య బరువు విభాగాలు మార్చింది. 55 పోయి 53, 58 వచ్చాయి. సార్ 53 అంటారేమోనని వారం రోజులు గింజుకున్నాను. ఆయన అన్నది, "అన్నం తినెయ్, 58లో ఆడుదువు గాని." ఈ మధ్య ఒక చిన్న పోటీలో స్నాచ్ 72తో మొదలుపెట్టాను. మూడులో రెండు లేచాయి. ఐదో స్థానం. బిళ్ల ఇంకా వేసుకుంటున్నాను, సగానికి తగ్గించారు.

ఫ్లెక్సీని పోయిన వానాకాలంలో నాన్నే విప్పి తెచ్చాడు. మంచి మందం, పారేయడమెందుకని పెరట్లో కట్టెల మీద కప్పాడు. వాన పడితే సరిగ్గా నా మొహం ఉన్నచోటే గుంటపడి నీళ్లు నిలుస్తాయి. అమ్మ కిందనుంచి చీపురుకర్రతో పొడుస్తుంది. నీళ్లన్నీ ఆ ఎనిమిది మంది మీదుగా జారిపోతాయి.