జెయింట్ స్టెప్స్: రెండు టేకులు పక్కపక్కన పెట్టి వింటే

జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ ట్యూన్ 'జెయింట్ స్టెప్స్' ప్రస్తావన వస్తే చాలు, టామీ ఫ్లానగన్ పియానో సోలోలో (మనోధర్మంతో వాయించే వంతులో) తడబడ్డాడని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట అనేముందు ఆల్టర్నేట్ టేక్, అంటే ఆల్బమ్ కోసం ఎంచుకోని మరో రికార్డింగ్, వినాలి.

ఆల్బమ్‌లో ఉన్నది 1959 మే నెలలో రికార్డయింది. ఆల్టర్నేట్ అదే రోజుది కాదు, కొన్ని వారాల ముందటి సెషన్‌ది. బేస్ రెండింట్లోనూ పాల్ ఛాంబర్సే. పియానో మీద అప్పుడు సీడర్ వాల్టన్, డ్రమ్స్ మీద లెక్స్ హంఫ్రీస్. మేలో వాళ్ల స్థానంలో ఫ్లానగన్, ఆర్ట్ టేలర్.

వినేముందు రెండు ట్రాకుల వాల్యూమ్ సమానం చేసుకోండి. లేకపోతే గట్టిగా వినిపించేదే బాగుందనిపిస్తుంది. తర్వాత వేగం. ట్యూన్ మొదటి నుంచి చివరిదాకా ఒక చుట్టు 16 బార్లు; బారుకు నాలుగు బీట్లు (తాళం దెబ్బలు), అంటే 64 బీట్లు. 3840ని చుట్టుకు పట్టే సెకన్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని బీట్లో తెలుస్తుంది. ఒక్క చుట్టే కొలిస్తే స్టాప్‌వాచ్ నొక్కడంలో పావు సెకను తేడాకే లెక్క అయిదారు బీట్లు తప్పుతుంది. నాలుగు చుట్లు కలిపి కొలిచి నాలుగుతో భాగించండి. ఆల్బమ్ టేక్ చుట్టుకు 13 సెకన్ల పైచిలుకు, అంటే 290 దాపుల్లో. వాల్టన్ టేక్ నిదానమని చెవికే తెలిసిపోతుంది. ట్రాక్ మొత్తం నిడివి పోల్చడం మాత్రం దండగ, సోలోల లెక్కే వేరు.

ఆ 16 బార్లలో 26 కార్డ్‌లున్నాయి (కార్డ్ అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుత్తి). షడ్జమం బి, జి, ఇ-ఫ్లాట్‌ల మధ్య తిరుగుతూ ఉంటుంది; ఒక్కో గెంతూ షడ్జమం నుంచి అంతర గాంధారానికి ఉన్నంత దూరం. తంబురా పెట్టుకుని దీన్ని వినడం కుదరని పని! మొదటి సగంలో ఊపిరి తీసుకునే చోటు 3, 7 బార్లే, అక్కడే ఒక కార్డ్ బారంతా నిలుస్తుంది. మిగతా చోట్ల ఒక్కోదానికి రెండు బీట్లు, అంటే 0.4 సెకను. కోల్ట్రేన్ రెండు టేకుల్లోనూ ఆ ఇరుకును కార్డ్ షడ్జమం నుంచి లెక్కేసిన స-రి-గ-ప ముక్కలతోనే దాటాడు. అవి అప్పటికే చేతిలో ఉన్న ముక్కలు.

పియానో వాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఫ్లానగన్ విడి స్వరాలతో మొదలుపెట్టి, మధ్యలో ఖాళీలు వదిలి, చివరికి కార్డ్‌లకే పరిమితమయ్యాడు. వాల్టన్ అంతకంటే నిదానమైన టేక్‌లో అసలు సోలోనే తీసుకోలేదు. రెండూ విన్నాక ఫ్లానగన్‌ది నాకు ధైర్యంగానే కనిపిస్తుంది. 1982లో ఆయన ఇదే ట్యూన్‌ను తన ట్రయోతో (ముగ్గురి బృందంతో) మళ్లీ రికార్డు చేశాడు, అదీ వినండి.